తివాచీ దుమ్ము: బెత్తం నుంచి యంత్రం దాకా

పడుగు దారాలకు ఉన్నిపోగులను ముడివేసి, కొనలను సమంగా కత్తిరించి నేసేది తివాచీ కాబట్టి, పైకి కనిపించే మరకకంటే నూగు అడుగున చేరిన ఇసుకే దానికి ఎక్కువ చేటు చేస్తుంది; నడిచేవారి పాదాల ఒత్తిడికి ఆ రేణువులు పోగుల మొదళ్లను కోసేస్తాయి. ఈ ఇసుకను రాల్చడానికే యూరప్ ఇళ్లలో తివాచీని దండెం మీద వేసి పేము బెత్తంతో బాదేవారు. ఆ దుమ్మంతా బాదేవారి ముక్కులోకే పోయేదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1876లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పింగాణీ సామాను వ్యాపారి మెల్విల్ బిస్సెల్, నెట్టుతుంటే కుంచె తిరిగి చెత్తను పెట్టెలోకి ఎత్తే సాధనానికి పేటెంటు పొందాడు. దుమ్మును గాలితో పీల్చాలన్న ఆలోచనతో 1901లో లండన్ ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ తయారుచేసిన యంత్రం ఎంత పెద్దదంటే, దాన్ని గుర్రపుబండి మీద తెచ్చి వీధిలోనే నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా ఇళ్లలోకి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే తివాచీలను శుభ్రం చేసిందీ అదే.

తెలుగునాట ఏలూరు ఉన్ని తివాచీకి ఇసుకతో పాటు, ఉన్నిని తినే చిమ్మట పురుగు బెడదా ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీ, అంటే నూగులేని నూలు జంపఖానా, దులిపి ఎండలో ఆరవేస్తే చాలు.