ఎక్స్‌పోసితో: ఒక ఇంటిపేరు, కనిపించని తల్లులు

సెలవులకి ఇంటికొచ్చిన మా అమ్మాయి ఒక స్పానిష్ సీరియల్ చూస్తూ కూర్చుంది. పేరు 'ఎలీట్'. వంటింట్లోకి వస్తూ పోతూ నేనూ కాసేపు చూశాను. నటీనటుల పేర్లు పడుతున్నప్పుడు ఒక పేరు దగ్గర మా అమ్మాయి నవ్వింది. ఎస్తేర్ ఎక్స్‌పోసితో. "ఇదేం ఇంటిపేరమ్మా, ఎక్స్‌పోజ్ చేసినట్టు!" అంది.

అది సరదాకి అన్నమాటే గానీ తప్పు మాట కాదు. రెండు మాటలూ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి. ఎక్స్‌పోసితో అంటే 'బయట పెట్టబడిన' అని అర్థం. చర్చి గుమ్మం ముందో, ఆసుపత్రి గోడలోని చెక్క తొట్టెలోనో ఎవరో వదిలి వెళ్లిన పసిబిడ్డకి స్పెయిన్‌లో కొన్ని వందల ఏళ్లపాటు ఇచ్చిన ఇంటిపేరు అది. ఆ నటి గురించి కాదు నేను రాస్తున్నది, ఆ పేరు గురించి.

ఇంటిపేర్ల విషయంలో నాకు ముందునుంచీ ఒక కోపం ఉంది. పుట్టినప్పుడు ఒక ఇంటిపేరు, పెళ్లయ్యాక మరొకటి. సర్టిఫికెట్లలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి. ఈ రెండూ ఒక్క మనిషివేనని రుజువు చేసుకోడానికి నోటరీల చుట్టూ తిరిగిన రోజులున్నాయి. అందుకే స్పెయిన్‌లో స్త్రీలకి పెళ్లితో ఇంటిపేరు మారదని, ప్రతి మనిషికీ తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి చొప్పున రెండు ఇంటిపేర్లుంటాయని తెలిసినప్పుడు ఎంత బాగుంది అనుకున్నాను. ఎక్స్‌పోసితో కథలోకి దిగాక ఆ సంతోషం అలాగే నిలబడలేదు.

పదిహేనో శతాబ్దం చివర తొలెదో నగరంలో కార్డినల్ మెందోసా సంకల్పంతో శాంతా క్రూజ్ ఆసుపత్రి ఏర్పాటైంది. వదిలేసిన పిల్లలని చేరదీయడం దాని పని. పదహారో శతాబ్దంలో మాడ్రిడ్‌లో 'ఇన్‌క్లూసా' మొదలైంది. ఆ పేరుకీ ఒక కథ చెబుతారు. నెదర్లాండ్స్‌లోని ఎంక్‌హౌజెన్ అనే ఊరి నుంచి తెచ్చిన మేరీమాత బొమ్మ అక్కడ ఉండేదట. స్పెయిన్ వాళ్ల నోట్లో ఆ ఊరి పేరు నలిగి నలిగి ఇన్‌క్లూసా అయిందట. తర్వాత ఇలాంటి ఏ సంస్థనైనా ఇన్‌క్లూసా అనేశారు.

వీటి గోడల్లో 'తోర్నో' ఉండేది. గుండ్రంగా తిరిగే చెక్క తొట్టె. వీధి వైపు నుంచి బిడ్డని అందులో పెట్టి, తిప్పి, గంట కొడితే లోపల ఉన్నవాళ్లు తీసుకుంటారు. పెట్టిన చేతులు లోపలివాళ్లకి కనిపించవు. తీసుకున్న ముఖం బయటివాళ్లకి కనిపించదు. బిడ్డతోపాటు ఒక్కోసారి ఒక చీటీ ఉండేది. బాప్టిజం అయిందో లేదో, ఏం పేరు పెట్టారో రాసి ఉండేది. ఒక్కోసారి రిబ్బను ముక్క, పతకం, సగానికి కత్తిరించిన పేకముక్క. మిగతా సగం తల్లి దగ్గర ఉంటుంది. ఎప్పుడైనా తిరిగొచ్చి బిడ్డని అడిగితే గుర్తు చూపించడానికి.

ఆ సగం పేకముక్క గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 'వదిలేసిన తల్లి' అని మనం ఎంత తేలిగ్గా అంటాం! తిరిగొస్తానని గుర్తు పెట్టుకున్న మనిషి వదిలేసినట్టా? ఇన్‌క్లూసా దస్తావేజులు తిరగేసిన చరిత్రకారులు ఇంకో మాట కూడా చెబుతారు. ఆ పిల్లలంతా పెళ్లికాని తల్లుల పిల్లలు కారు. పంటలు పోయి రొట్టె ధర పెరిగిన ఏళ్లలో, పాలు పడని తల్లులు, మొగుడు పోయిన తల్లులు, ఇంకో బిడ్డని సాకలేని దంపతులు కూడా ఆ తొట్టె దగ్గరకి వచ్చారు. లోకం మాత్రం అందరినీ ఒకే గాటన కట్టి, ఆ పేరు మీద 'అక్రమ సంతానం' అనే ముద్ర వేసింది.

ఆ ముద్ర మామూలుది కాదు. ఆనాటి స్పెయిన్‌లో మతపదవికైనా, కొన్ని వృత్తిసంఘాల్లో చేరడానికైనా 'రక్తశుద్ధి' రుజువు చేసుకోవాలి. నీ పూర్వీకుల్లో యూదులు, ముస్లిములు లేరని చూపించాలి. తల్లిదండ్రులెవరో తెలియని మనిషి ఏ రక్తం చూపిస్తాడు? 1794లో నాలుగో కార్లోస్ రాజు ఒక శాసనం చేశాడు. ఈ పిల్లలని పౌర వ్యవహారాలన్నిటిలోనూ సక్రమ సంతానంగానే చూడాలన్నాడు. వాళ్లని బాస్టర్డ్ అనో మరోటనో తిడితే జరిమానా అన్నాడు. బాగుంది కదా? కానీ అదే శాసనంలో ఇంకోటుంది. నేరం చేస్తే వాళ్లకి కొరడా దెబ్బల వంటి అవమానకర శిక్షలు వేయకూడదట. ఎందుకంటే ఆ బిడ్డ ఏ గొప్పింటి వాడో కావచ్చట! కనిపించని తండ్రి గొప్పవాడేమోనన్న అనుమానం ఆ పిల్లల వీపులని కాపాడింది. కనిపించని తల్లి గురించి శాసనానికి పట్టలేదు.

ఇప్పుడు ఆ పేరు ఎంతమందికి ఉంది? స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ ఇంటిపేర్ల లెక్కలు ప్రకటిస్తుంది. దేశం మొత్తంలో కనీసం 20 మందికైనా ఉంటేనే ఆ పేరు అందులో కనిపిస్తుంది. గార్సియా మొదటి ఇంటిపేరుగా ఉన్నవాళ్లు 14 లక్షల పైనే. ఎక్స్‌పోసితోలు వేలల్లోనే. దక్షిణాన అందలూసియాలో, కానరీ దీవుల్లో కాస్త ఎక్కువగా కనిపిస్తారు. సముద్రం దాటి అర్జెంటీనాకీ చేరారు. టాంగో పాటలు కట్టిన ఓమెరో ఎక్స్‌పోసితో, విర్జీలియో ఎక్స్‌పోసితో అన్నదమ్ములు అక్కడివాళ్లే. ఒకరికి గ్రీకు మహాకవి హోమర్ పేరు, ఇంకొకరికి లాటిన్ మహాకవి వర్జిల్ పేరు. పక్కనే 'బయట పెట్టబడిన' అనే ఇంటిపేరు. ఇటలీలో నేపుల్స్ వైపు మాత్రం ఇదే పేరు ఎస్పోసితో రూపంలో వీధివీధికీ ఉంటుంది.

శతాబ్దాలపాటు ఆ తొట్టెలు తిరుగుతూనే ఉన్నాయి కదా, మరి స్పెయిన్‌లో ఈ పేరు ఇంత తక్కువగా ఎందుకుంది? పిల్లలందరికీ ఒకే పేరు ఇవ్వలేదన్నది ఒక కారణం. కొన్నిచోట్ల ఆసుపత్రి పేరో, పుణ్యపురుషుడి పేరో పెట్టారు. జరగోజాలో గ్రాసియా మాత ఆసుపత్రి పిల్లలు 'గ్రాసియా'లయ్యారు. కానీ అసలు కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది, పిల్లలు బతకలేదు. పద్ధెనిమిదో శతాబ్దం చివర మాడ్రిడ్ ఇన్‌క్లూసాలో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా చనిపోయిన ఏళ్లున్నాయి. ఒక్కో దాది ఇద్దరికీ ముగ్గురికీ పాలివ్వాల్సి వచ్చేది. పల్లెటూళ్ల ఆడవాళ్లు నెలజీతానికి పిల్లలని ఇంటికి తీసుకెళ్లి పెంచేవారు. బిడ్డలు మారిపోకుండా మెడలో తాడుకి సీసపు బిళ్ల కట్టేవారు. ఆ దాదులకి జీతాలు నెలల తరబడి బకాయి పడేవి. బిడ్డ చనిపోతే తప్పు దాది మీదకే వచ్చేది, జీతం ఎగ్గొట్టినవాళ్ల మీదకి కాదు. ఈ చరిత్రలో పేదరాలి పాలే పెట్టుబడి. దానికి కట్టిన విలువ ఎంతో ఆ బకాయిలే చెబుతాయి.

దీన్ని కాస్తయినా మార్చిందీ ఆడవాళ్లే. దేశాభివృద్ధి గురించి చర్చించే మాడ్రిడ్ ఆర్థిక సంఘంలో స్త్రీలని చేర్చుకోవాలా వద్దా అని మగవాళ్లు తెగ వాదించుకున్నారు. 1786లో హోసెఫా అమార్ ఇ బోర్బోన్ స్త్రీల ప్రతిభని సమర్థిస్తూ ఒక వ్యాసం రాసి ఆ వాదనలోకి దిగింది. చివరికి 1787లో రాజు, మగవాళ్ల మధ్య కూర్చోబెట్టకుండా, వాళ్లకి విడిగా 'హుంతా దె దామాస్' అనే స్త్రీల సమితి ఏర్పాటు చేశాడు. మోంతిహో ప్రభ్వి దానికి కార్యదర్శి. ఆ సమితి పట్టుబట్టి 1799లో ఇన్‌క్లూసా నిర్వహణ తన చేతుల్లోకి తీసుకుంది. వాళ్లంతా ప్రభువుల ఇళ్ల ఆడవాళ్లు. తోర్నో దగ్గరకి వచ్చే ఆడవాళ్లకీ వాళ్లకీ మధ్య చాలా దూరముంది. అయినా చావుల లెక్క అడిగి, దాదుల జీతాల గురించి పోట్లాడింది వాళ్లే.

రెండో కారణం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. బతికిన పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారు కదా, వాళ్ల పేరేమైంది? 1870 నాటి రిజిస్ట్రీ చట్టంతో రెండు ఇంటిపేర్ల ఆచారం స్థిరపడింది. తండ్రిది ముందు, తల్లిది తర్వాత. మరీయా ఎక్స్‌పోసితో అనే అమ్మాయి గార్సియాని పెళ్లాడిందనుకుందాం. ఆమె పేరు మారదు. పిల్లలు గార్సియా ఎక్స్‌పోసితోలు అవుతారు. ఆ పిల్లల పిల్లలకి వచ్చేది గార్సియా మాత్రమే. మనవల దగ్గరకి వచ్చేసరికి మరీయా మాయం. అదే ఆమె అన్న అయితే పేరు కొడుకుకీ, మనవడికీ, మునిమనవడికీ నడుస్తుంది. అంటే ఈ రోజు లెక్కల్లో కనిపించే ఎక్స్‌పోసితోలు చాలావరకు బతికి బట్టకట్టిన మగపిల్లల వారసులు. తల్లి పేరు ఉంచుకునే ఆచారమని నేను మురిసిపోయింది దీన్ని చూసే. తల్లి పేరు ఉంటుంది, ఒక్క తరం మాత్రమే.

మూడోది సిగ్గు. ఆ పేరు వదిలించుకోవాలని చాలామంది చూశారు. 1957 నాటి పౌర రిజిస్ట్రీ చట్టం ఈ పేరుని పేరుపెట్టి మరీ ప్రస్తావించి, మార్చుకోవాలంటే మార్చుకోవచ్చంది. తల్లిదండ్రులు తెలియని పిల్లలకి ఇకమీదట వాడుకలో ఉన్న మామూలు ఇంటిపేర్లే పెట్టమంది. మంచిదే. కానీ పేరు మామూలైపోతే జాడ కూడా పోతుంది. అంతకుముందే, 1941లో, ఫ్రాంకో ప్రభుత్వం ఇంకో చట్టం చేసింది. అంతర్యుద్ధం తర్వాత విదేశాల నుంచి తిరిగి తెచ్చిన పిల్లలకి, తల్లిదండ్రుల జాడ తేలని పిల్లలకి కొత్త పేర్లతో నమోదు చేసుకునే వీలు కల్పించింది. ఓడిపోయిన పక్షం ఆడవాళ్లు జైళ్లలో ఉంటే వాళ్ల పిల్లలు వేరే పేర్లతో వేరే ఇళ్లలో పెరిగారు. ఎక్స్‌పోసితో అన్న పేరు అవమానించింది. మామూలు పేరు అసలు ప్రశ్నే లేకుండా చేసింది. ఏది ఎక్కువ క్రూరం?

ఇంత చరిత్రలో తండ్రి ఎక్కడున్నాడు? 1889 పౌరస్మృతి తండ్రి ఎవరో కోర్టులో తేల్చమని అడిగే దారులు దాదాపు మూసేసింది. 1931లో రిపబ్లిక్ రాజ్యాంగం ఆ తలుపు తెరిచింది, జనన నమోదులో సక్రమం అక్రమం అన్న మాటే రాయకూడదంది. ఫ్రాంకో వచ్చి మళ్లీ మూశాడు. 1978 రాజ్యాంగం పిల్లలంతా సమానమని, తల్లికి పెళ్లయినా కాకపోయినా రక్షణ ఉంటుందని, పితృత్వ విచారణకి చట్టం దారి చూపాలని చెప్పింది. 1981లో చట్టం వచ్చింది.

ఒక విషయం దగ్గర మాత్రం నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కాన్పు సమయంలో తల్లి తన పేరు నమోదు చేయొద్దని అడిగే వీలు స్పెయిన్‌లో 1999 దాకా ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తన పుట్టుక తెలుసుకునే హక్కు బిడ్డకి ఉందంది. బిడ్డ వైపు నుంచి చూస్తే కాదనలేను. కానీ వందల ఏళ్లు తండ్రి పేరు అడగని వ్యవస్థ, తల్లి పేరు దాచుకునే చివరి చోటుని తీసేస్తుంటే నోరారా మెచ్చుకోవడానికీ మనసొప్పదు. ఆ చాటు ఆమె కోరుకున్నదా, భయంతో తీసుకున్నదా? తొట్టె ఆమెని కాపాడిందా, ఆమెతో కలిసి పాపంలో పాలుపంచుకున్నవాడిని కాపాడిందా? రెండూ చేసింది. అందుకే అన్నాళ్లు తిరిగింది.

1999లోనే తల్లిదండ్రులు ఒప్పుకుంటే తల్లి ఇంటిపేరు ముందు పెట్టుకునే వీలొచ్చింది. 2011 చట్టం తండ్రి పేరే ముందు అన్న ఆనవాయితీని తీసేసింది. ఆ నిబంధన 2017 జూన్ 30 నుంచి అమల్లోకొచ్చింది. ఇక ఏ మరీయా అయినా తన పేరుని మనవరాలి దాకా నడిపించవచ్చు. ఎక్స్‌పోసితో అన్న పేరునే నడిపించాలనుకునేవాళ్లూ ఉంటారు. ఆ పేరు మోసిన ప్రతివాళ్ల వెనకా ఒక బతికిన బిడ్డ ఉంది, ఎవరో ఒక దాది పాలు ఉన్నాయి. సిగ్గుపడాల్సింది ఆ బిడ్డ కాదు, దాది కాదు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. "మరి మన సంగతేంటి?" అంది. మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు చెప్పాను. అమ్మమ్మది కాస్త ఆలోచించి చెప్పాను. అమ్మమ్మ వాళ్ల అమ్మది గుర్తు రాలేదు. ఊళ్లో ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకీ తెలీదు. "ఎవరు గుర్తు పెట్టుకుంటారే అవన్నీ, ఆడపిల్ల ఇంటిపేరు" అంది. మా ముత్తవ్వని ఎవరూ ఏ గుమ్మం ముందూ వదిలేయలేదు. మేళతాళాలతో అత్తారింటికి పంపారు. అయినా ఆమె పుట్టింటి పేరు మూడు తరాల్లో పోయింది. మీరు కూడా ఒకసారి మీ ఇళ్లలో అడిగి చూడండి. చెప్పగలిగినవాళ్లు ఉండగానే రాసిపెట్టుకోండి.