మగ్గము మనది, రాట్న మెవరిది?

రాట్నమును గూర్చి మనలో వ్రాయువారును, సభలలో ఉపన్యసించువారును "మన పూర్వులు వడకిరి, మన పూర్వులు నేసిరి" అని ఒక్క గుక్కలో చెప్పుచుందురు. రెండవమాట నిజము. మొదటిదానిని గూర్చి నాకు చిరకాలముగా సందేహము గలదు. ఆ సందేహము మా యింటనే పుట్టినది.

మాది కర్నూలుచెంతనున్న కల్లూరు. నేడది నగరములో కలిసిపోయినది గాని మా తాతగారినాట వేఱు గ్రామమే. మా యింట రెండు మగ్గములుండెను. 1923వ సంవత్సరము డిసెంబరులో మౌలానా మహమ్మదాలీగారి యధ్యక్షతను కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరుగగా, మా తాతగారు చూడబోయిరి. కర్నూలునుండి ద్రోణాచలమునకును, అచ్చటినుండి నంద్యాల, బెజవాడల మీదుగా సామర్లకోటకును, మఱల కాకినాడకును రైళ్లు మాఱుచు పోయిరట. మహాసభతోపాటు అచ్చట ఖద్దరు ప్రదర్శనము గూడ జరిగినది. పదునాలుగేండ్ల బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ద్వారమువద్ద నిలిపివేసినది ఈ ప్రదర్శనముననే. మా తాతగారి కా ఘట్టము కంటబడలేదు. వారి చూపంతయు లోపలి నూలుమీదనే యుండెనట. తిరిగివచ్చునపుడు ఒక రాట్నమును కొని తెచ్చిరి.

తరతరములుగా మగ్గములాడిన యింటికి అదియే మొదటి రాట్నము! కండెలు చుట్టు రాట్నము మా యింట లేకపోలేదు. కాని కండెలు చుట్టునది వేఱు, ఏకునుండి నూలు తీయునది వేఱు. ఈ రెండవది నేతయింట లేకుండుటేమని నేను బాల్యమున అడిగినపుడు మా నాయనగారు నవ్వి యూరకుండిరి.

పిదప విచారింపగా సంగతి తెలిసినది. మన సీమ నల్లరేగడి పత్తికి పేరుపొందినది. నంద్యాలలో 1906లోనే ప్రభుత్వము వ్యవసాయ పరిశోధన క్షేత్రమును నెలకొల్పెను. మిల్లులు రాకపూర్వము ఈ పత్తిలో కొంత లంబాడీల యెద్దులపై తీరమునకు పోయెడిది. కొంత యిచ్చటనే నూలయ్యెడిది. గింజ తీసిన పత్తిని దూదేకులవారు వింటితో ఏకి యిచ్చెడివారు. రైతుల యిండ్లలో స్త్రీలు, సేద్యపు పనులు లేని వేసవిలోను, రాత్రి దీపపు వెలుతురునను, ఆ ఏకులను వడకెడివారు. పెద్దకులమని చిన్నకులమని లేదు. భర్తలేని స్త్రీకి పలుచోట్ల అదియే జీవనము. ఆ నూలు సంతకు వచ్చెడిది. మనవారు దానిని కొని, పడుగు చేసి, గంజి పెట్టి, మగ్గమున కెక్కించెడివారు.

ఇది యిట్లే జరుగవలసియుండెను. ఒక మగ్గము నిలువక యాడుటకు నలుగురైదుగురు, నూలు సన్నమైనచో అంతకు మించియు, వడకువారు కావలెను. మన యింటి స్త్రీలకు ఆసుపోయుటయు, కండెలు చుట్టుటయు, గంజిపనియు తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు సరిపోయెడిది. ఇక వడకు తీరిక యెక్కడిది? కావున మగ్గము మనది. దానికి మేత పెట్టినవారు పరులు. మగ్గములకైనను సర్కారు లెక్కలలో చోటు దొరికినది. దత్తమండలములలో 1800 మొదలు 1807 వఱకు మన్రో దొర కలెక్టరుగా నున్నప్పుడు మగ్గముపై మొతర్ఫా పన్ను నడచినది. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబుల యేలుబడిలోనే యుండెను. ఇంత చరిత్రలో వడకిన స్త్రీ పేరొక్కటియు నాకు కానరాలేదు.

ఇప్పుడు చెప్పబోవునది కొందఱికి కటువుగా నుండవచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున సీమనూలు వచ్చినది. దాని వెంట బొంబాయి మిల్లుల నూలును వచ్చినది. ఏకై వచ్చి మేకై కూర్చుండె నన్న సామెత దీనికే తగును. మిల్లువలన మొదట చెడినది నేతగాడు కాడు, వడకు స్త్రీ. నేతగాడు మిల్లు నూలునే కొని మఱికొంతకాలము నిలిచెను. ఆమె నోటి కూడు తీసిన నూలును కొన్నవారము మనమే. చౌక, నునుపు, తెగదు; పిల్లలుగలవాడు మఱేమి చేయును? నేను నిందింపను. కాని మఱచుట తగదు. 1876–78 నాటి కఱవు మన జిల్లాలను పీడించునాటికి బీదస్త్రీకి వెనుకటి రాట్నపు ఆధారము సన్నగిల్లియుండెను.

గాంధీమహాత్మునకును ఈ యనుభవమే కలిగినది. సబర్మతి యాశ్రమమున మగ్గములు పెట్టించిరి గాని వానిపై నేసినది మిల్లు నూలే. రాట్నమును చూపువారే కఱవైరి. 1917లో భరూచి విద్యాపరిషత్తున వారికి పరిచయమైన గంగాబెన్ మజుందారను వితంతువు ఊరూర వెదకి, బరోడా సంస్థానమునందలి విజాపురమున రాట్నములను కనుగొనెను. అవి అటకలపై పడియుండెను. ఏకులు పంపినచో వడకెదమని అచ్చటి స్త్రీలు చెప్పగా, మొదటి ఏకులు వచ్చినది ఉమర్ సోబానీగారి మిల్లునుండియే! గంగాబెన్ పోయి తట్టినది నేతగాండ్ర తలుపులు కావు, గృహస్థుల తలుపులు.

1921లో బెజవాడ సమావేశము జూను 30లోగా 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. ఆ సెప్టెంబరు 22న మధురలో కొల్లాయి కట్టిన గాంధీగారు వారము దాటకమున్నే రాయలసీమకు విచ్చేసిరి. చేతినూలునే నేయుడని నేతవారికి బోధలు సాగినవి. మనవారు వెనుదీయగా దేశభక్తి లేదని ఆడిపోసికొన్న వారును గలరు. క్రొత్తగా వడక నేర్చిన చేతినూలు పడుగునకు నిలువక తెగునని మగ్గమున కూర్చున్నవానికి తెలియును. వేదికపై నిలిచినవాని కేమి తెలియును? ఉత్తమమైన రాట్నమునకు 1929లో ప్రకటించిన లక్ష రూపాయల బహుమానము ఎవరికిని దక్కలేదు. వడకువారి కూలి పెంచుటకు చరఖాసంఘము 1935లో గాని పూనుకొనలేదు. పొందూరువంటి చోట్ల వాలుగచేప దవడయెముకతో దూదిని శుభ్రపఱచి సన్ననూలు తీయు విద్య నశింపక నిలిచినది గాని, మన సీమలో అట్టి భాగ్యము లేకపోయెను.

ఇక మా తాతగారి రాట్నము. అది యింటికి వచ్చినది గాని త్రిప్పుట యెవరికిని రాదు. మా అవ్వ ఏకును లాగిన ప్రతిసారియు పోగు తెగెడిదట. తుదకు ప్రక్కవీధిలోని యొక కాపుల ముసలమ్మను పిలిపించిరి. చిన్ననాట తల్లిప్రక్కన కూర్చుండి వడకినది ఆమె యొక్కతెయే. రోజు కొక మానిక కొఱ్ఱలు తీసికొని, కదురు మొన యెట్లు నిలుపవలెనో, ఏకు నెంత వదలవలెనో మా అవ్వకు నేర్పినది. ఒక తువాలునకు చాలిన నూలగుటకు రెండు నెలలు పట్టెను. పడుగునకు మిల్లు నూలు పెట్టి, దానిని పేకగా వేసి మా తాతగారు నేసిరి. ఆ తువాలును మా అవ్వ ఆ ముసలమ్మకే యిచ్చెనట. ఆమె పేరేమని మా నాయనగారి నడిగితిని. వారికి జ్ఞాపకము లేదు.