తమిళదేశానికి తెలుగువారి వలస

తమిళదేశానికి తెలుగువారి వలస ప్రధానముగా 14వ శతాబ్దము నుండి 17వ శతాబ్దము వరకు, విజయనగర సామ్రాజ్య విస్తరణతో పాటు జరిగినది. సైనికులు, రైతులు, వర్తకులు, పండితులు, చేతివృత్తులవారు విడతలు విడతలుగా దక్షిణానికి తరలివెళ్ళి, మదురై, తంజావూరు, తిరునెల్వేలి, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడ్డారు. వీరి సంతతివారు అనేకులు నేటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, కాని చాలామందికి తెలుగు లిపి రాదు.

ఎల్లప్రాంతము

ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియము పీఠికలో తమిళనేలకు ఉత్తరపు ఎల్ల వేంకటము, అనగా తిరుమల కొండలు. తమిళంలో "వడమలై" అంటే ఉత్తరపు కొండ. ఈ కొండల చేరువనే తిరుపతి జిల్లాలోని వడమాలపేట ఉన్నది. తిరుపతి నుండి పుత్తూరు, తిరుత్తణి మీదుగా చెన్నై పోయే రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. ఉత్తరము నుండి వచ్చినవారు కనుక తెలుగువారిని తమిళులు "వడుగర్" అన్నారు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, సరిహద్దుల మార్పుతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో చేరింది. అందువలన తిరుత్తణి వైపు తెలుగువారినందరినీ వలస వచ్చినవారిగా భావించరాదు. అక్కడ కదిలినది ప్రజలు కాదు, సరిహద్దు.

కారణాలు

14వ శతాబ్దపు ఉత్తరార్ధములో విజయనగర రాకుమారుడు కుమార కంపన మదురై సుల్తానులను ఓడించాడు. అప్పటి నుండి తెలుగు, కన్నడ సేనానులు దక్షిణాదికి రావడం ఎక్కువైనది. సుమారు 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో అధికారము చేపట్టాడు. ఆయన, దళవాయి అరియనాథ మొదలియారు కలిసి రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించి, ఒక్కొక్క పాళెగానికి మదురై కోటలో ఒక్కొక్క బురుజు రక్షణ అప్పగించారని సంప్రదాయ కథనము.

వలస వచ్చిన కులాలవారు చెప్పుకునే కథ వేరు. తురుష్క ప్రభువు తమ ఆడపిల్లను కోరగా రాత్రికి రాత్రే ఊరు విడిచామని, ఏరు అడ్డురాగా కానుగ చెట్లు వంగి వంతెనగా నిలిచాయని రాజకంబళ నాయకులు చెప్పుకుంటారు. దీనిని జరిగిన సంఘటనగా తీసుకోలేము. మూడు నాలుగు వందల ఏళ్ళు సాగిన వలసకు సైనికోద్యోగము, సాగుభూమి ముఖ్య కారణాలు.

నల్లరేగడి

తమిళ వ్యవసాయ గ్రామాలు అధికముగా తామ్రపర్ణి వంటి నదుల వెంట, చెరువుల క్రింద, వరి పండే చోట ఉండేవి. కోవిల్‌పట్టి, ఎట్టయపురము, సాత్తూరు పరిసరాలలోని నల్లరేగడి మెట్టలలో జనసాంద్రత తక్కువ. తమిళంలో "కరిసల్" అనే ఈ నేల తెలుగు రైతుకు కొత్త కాదు. ఈశాన్య ఋతుపవనాల తేమను పట్టి ఉంచే ఆ భూమిలో ప్రత్తి, జొన్న, సజ్జ పండించడం వారికి తెలుసు. కమ్మ, రెడ్డి, కంబళ కులాలవారు ఆ మెట్టలలో ఊళ్ళు కట్టారు. నాయక్కన్‌పట్టి, రెడ్డియార్‌పట్టి వంటి ఊరి పేర్లు అందుకు గుర్తులు.

అయితే ఆ నేల పూర్తిగా ఖాళీది కాదు. తిరునెల్వేలి పడమటి పాళెములు మరవరులవి, తూర్పు రేగడిలోనివి అధికముగా తెలుగువారివి. అమెరికాలో ఐరోపా వలసదారులకు 1862 నాటి హోంస్టెడ్ చట్టము 160 ఎకరాలు ఇచ్చినప్పుడు, ఆ భూమి మూలవాసుల నుండి తీసుకున్నది. ఇక్కడ మరవ నాయకులు కూడా పాళెగాళ్ళుగానే కొనసాగారు. 1799 అక్టోబరు 16న ఆంగ్లేయులు కయత్తారులో ఉరితీసిన పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన తెలుగు మాట్లాడే కుటుంబమువాడు. నేడు ఆయన తమిళ వీరుడిగానే ప్రసిద్ధుడు.

సాహిత్యము, సంగీతము

తెలుగు సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగము ఈ వలస ఫలితమే. తంజావూరులో రఘునాథ నాయకుని ఆస్థానములో చేమకూర వేంకటకవి విజయవిలాసము వ్రాశాడు. విజయరాఘవ నాయకుని కొలువులో రంగాజమ్మ మన్నారుదాస విలాసము రచించింది. 1673లో నాయక రాజ్యము అంతరించినా, తరువాత వచ్చిన మరాఠా రాజులు తెలుగును ఆదరించారు. మెలట్టూరులో తెలుగు భాగవతమేళ నాటకాలు నేటికీ ప్రదర్శింపబడుతున్నాయి. త్యాగరాజు (1767–1847) తిరువారూరులో పుట్టి, తిరువైయారులో జీవించి, తెలుగులో కీర్తనలు రచించాడు. సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ముద్రింపబడినది నల్లరేగడి నడుమనున్న ఎట్టయపురములో, తెలుగు లిపిలో.

ఈ వలసను గురించిన ప్రసిద్ధ నవల మాత్రము తమిళములో ఉన్నది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామములో తెలుగు కుటుంబములో పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) తన "గోపల్ల గ్రామం" (1976) నవలలో పారిపోయి వచ్చిన తెలుగువారు అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథ చెప్పాడు. దాని కొనసాగింపైన "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. నెబ్రాస్కా మైదానాలలోని బొహీమియా వలసదారులను గురించి విల్లా కాథర్ వ్రాసిన "మై ఆంటోనియా" (1918) దీనికి పోల్చదగినది. కాని కాథర్ ఆ సమాజాన్ని బయటినుండి చూసింది. రాజనారాయణన్ తన ఇంటివారి కథ వ్రాశాడు, అదీ ఇంటి భాషలో కాదు.

భాష స్థితి

2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు, అనగా 5.87 శాతము. బడిలో తెలుగు చదివే అవకాశము చాలా చోట్ల లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతి నుండి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని నిర్బంధము చేయగా, అది 2015-16లో పదవ తరగతికి చేరినది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు వెళ్ళి కొన్ని సంవత్సరాల పరీక్షలకు మినహాయింపులు పొందారు. పలు కుటుంబాలలో పెళ్ళి సంబంధాలకు తెలుగు ఇంటిపేర్లు అడుగుతారు. శుభలేఖ మాత్రము తమిళములో అచ్చవుతుంది.