జేజినాయన కంచన్ వాచీ

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్లారి తాలూకాతో పాటు మన కప్పగల్లు మైసూరులో చేరింది. అదే ఏడు బెంగళూరులో హెచ్‌ఎంటీ అనే ప్రభుత్వ కంపెనీ పుట్టింది. మొదట యంత్రాలు చేసిన ఆ కంపెనీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో చేతి గడియారాలు మొదలుపెట్టింది.

అందులో జనతా అందరిదీ. రోజూ కీ ఇయ్యాల. కంచన్ దర్జా వేరు. చెయ్యి కదిలితే లోపలి బరువు తిరిగి స్ప్రింగు తానే చుట్టుకుంటుంది. పెళ్లికొడుక్కి కంచన్ పెడితే అదో గొప్ప. సరుకు చాలక అసలు ధర మీద ఇంకా ఇచ్చి కొనేవాళ్లు.

మా జేజినాయనకూ దాని మీదే మనసు. రెండుసార్లు పత్తి డబ్బు చేతికొచ్చింది. రెండుసార్లూ మా అత్తల పెళ్లిళ్లొచ్చి, వాచీలు అల్లుళ్ల చేతికే పోయాయి. మూడోసారి మా అవ్వ ఒప్పుకోలేదు. "ఈ తూరి నీ చేతికే కట్టుకుని రా" అంది. అట్లే వచ్చాడు.

2016లో కేంద్రం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. ఇప్పుడా పాత వాచీలకు గిరాకీ ఉంది, అమ్ముదామా అని మనవాళ్లలో కొందరు అడుగుతున్నారు. మేము అమ్మం. ఏ ఊళ్లో ఉన్నా సరే, ఏడాదికి ఒక ఇంటివాళ్లు కట్టుకోండి. పెట్టెలో పెడితే అది ఆగిపోతుంది.