మతసంఘములు – వ్యాజ్యాధికారము

మన కులమువారు స్థిరపడిన పట్టణములలో సత్రమో, భజనమందిరమో, కులదైవమునకు చిన్న గుడియో కట్టుకొనుట పెద్దలనాటినుండి వచ్చుచున్న ఆచారము. వీని పాత దస్తావేజులు తెఱచి చూచినచో కొనుగోలుదారుగా ఎవరో యొక పెద్దమనిషి పేరు కానవచ్చును. ‘కులస్థులందఱి పక్షమున’ అను మాట కొన్నింట నుండును, కొన్నింట నుండదు. ఆ పెద్దమనిషి జీవించియున్నంతకాలము చిక్కులేదు. ఆయన గతించిన పిమ్మట మనుమలు వచ్చి ‘ఇది మా తాతగారి స్వార్జితము’ అన్ననాడు సంఘము న్యాయస్థానమునకు పోవలసి వచ్చును. అప్పుడు వకీలు మొట్టమొదట నడుగు ప్రశ్న ‘వాది యెవరు?’ అని. సంఘమే వాదియని మనము చెప్పుదుము. ఆ పేరుగలవాని నెవనిని చట్టమెఱుగదు.

ఆంగ్లన్యాయశాస్త్రము ననుసరించి పుట్టిన మనుష్యుడు వ్యక్తి. రాజశాసనముచేతగాని చట్టముచేతగాని కల్పింపబడిన సంస్థయు వ్యక్తియే. కంపెనీలు, పురపాలకసంఘములు ఈ రెండవ తెగలోనివి. రిజిస్ట్రీ కాని కులసంఘముగాని భక్తసమాజముగాని ఈ రెండింటను చేరదు. అది కొందఱు మనుష్యుల గుంపు మాత్రమే. గుంపునకు పేరు పెట్టుకొనవచ్చును గాని, ఆ పేరుతో దావా తెచ్చుటకు వలనుపడదు.

ఇందు చిత్రమేమనగా, మన న్యాయస్థానములు దేవుని నెఱుగును, భక్తసమాజము నెఱుగవు. 1925 లో కలకత్తా మల్లిక్ వంశీయుల కులదైవమునుగూర్చిన వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిలువారు విగ్రహము చేతులు మారు సొత్తు కాదనియు, చట్టదృష్టిలో వ్యక్తియే యనియు, ఆ దేవత యిష్టమును నిష్పక్షపాతియగు ప్రతినిధిద్వారా తెలిసికొనవలెననియు నిర్ణయించిరి. పదునైదేండ్లకు లాహోరులోని షహీద్‌గంజ్ మసీదు వ్యాజ్యము వారి యెదుటికి వచ్చెను. 1935 లో వేయబడిన ఆ దావాలో మసీదే మొదటి వాది. దానితోకూడ కొందఱు ముసల్మానులును వాదులైరి. ప్రతివాదియగు శిరోమణి గురుద్వారా ప్రబంధక కమిటీ 1925 సంవత్సరపు చట్టముచే నేర్పడిన సంస్థ. 1940 లో సర్ జార్జి రాంకిన్ చెప్పిన తీర్పులో, మసీదువంటి కట్టడము కృత్రిమవ్యక్తిగా దావా తేజాలదని తేలినది. కాలదోషముచేతను ఆ వాదులు ఓడిరి. విగ్రహమునకు కలిగిన భాగ్యము మసీదునకు కలుగలేదు. చట్టమువలన పుట్టిన కమిటీకి ఆ చిక్కే లేదు. మత మేదైనను ఈ తేడా మన సంఘములవారు గమనింపదగినది.

ఇక, పేరులేని గుంపునకు దారులెట్లు తెఱువబడెనో చూతము. చెన్నపురి రాజధానిలో 1817 సంవత్సరపు 7వ రెగ్యులేషనుచే దేవాలయముల విచారణ బోర్డు ఆఫ్ రెవిన్యూవారికి చెందియుండెను. క్రైస్తవప్రభుత్వము విగ్రహారాధనను నడపుట తగదని సీమలో అలజడి పుట్టగా కుంఫిణీవారు చేతులు దులుపుకొనిరి. తిరుమల దేవస్థానము 1843 లో హథీరాంజీ మఠపు మహంతుల వశమాయెను. ఇట్లు సర్కారు తప్పుకొన్నపుడు ధర్మకర్త దారితప్పినచో నడుగువా డెవడు? 1863 సంవత్సరపు 20వ ఆక్టు దీనికి జవాబు చెప్పెను: ఆలయముతో సంబంధముగల యే వ్యక్తియైనను, తక్కినవారిని చేర్చుకొనకయే, కోర్టు అనుమతితో దావా తేవచ్చును. అతనికి ధనలాభ ముండనక్కఱలేదు. ఆరాధనకు పోవు అలవాటున్న చాలును. పిదప 1877 సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడులో 539వ సెక్షను వచ్చెను. నేటి 92వ సెక్షను అదియే. తిరుమల మహంతులపై ఆ సెక్షనుక్రింద నడచిన వ్యాజ్యము 1907 లో ప్రీవీ కౌన్సిలువరకు పోయి ఆలయపాలనకు ఒక స్కీము నేర్పరచినది.

అదే 1877 కోడులోని 30వ సెక్షను, 1908 కోడులో ఒకటవ ఆర్డరు ఎనిమిదవ రూలుగా మారినది, మనబోటి సంఘములకు ముఖ్యమైనది. ఒకే హక్కుగలవారు అనేకులున్నపుడు వారిలో ఒకరిద్దఱు అందఱి పక్షమున దావా వేయవచ్చును. కాని కోర్టువారి అనుమతి కావలెను; తక్కినవారికి నోటీసు పోవలెను; మనిషి మనిషికి పంప వలనుపడనిచో పత్రికలో ప్రకటింపవలెను. ఆ ఖర్చు వాదిదే. ఈ తంతు విసుగుగా తోచి కొందఱు దాటవేయుదురు. దాని ఫలము చెన్నపురి రాజధానినుండి పోయిన వ్యాజ్యములో 1933 లో కనబడెను: అనుమతియు నోటీసును లేని ఆ పాత తీర్పు ఊరకుండినవారిని బంధింపదని ప్రీవీ కౌన్సిలువా రనిరి. సరిగా నడచినచో తీర్పు నోరెత్తని బంధువుకును తగులును. అందుచేతనే 1976 సవరణచే, నోటీసు లేనిదే రాజీపడుటకుగాని దావా విడుచుటకుగాని వీలులేకుండ జేసిరి.

సంఘమును స్థిరముచేయు మార్గము 1860 సంవత్సరపు 21వ ఆక్టు. దానిచే రిజిస్ట్రీయైన సమాజము తన నిబంధనల ననుసరించి అధ్యక్షుని పేరనో కార్యదర్శి పేరనో ధర్మకర్తల పేరనో దావా తేవచ్చును. ఆ వ్యక్తి చనిపోయినను దావా చావదు. డిక్రీ ఎదురుగా వచ్చినను అతని సొంత యిల్లు జప్తుకాదు. సమాజపు ఆస్తియే బాధ్యము. ఇంత చేసినను ఆ ఆక్టు సమాజమును పూర్ణవ్యక్తిగా చేయలేదు. ఒక జైన అనాథసంరక్షణసమాజపు వ్యాజ్యములో 2003 లో సుప్రీంకోర్టువారు ఈ మాటనే స్పష్టముగా చెప్పిరి.

ఈ దారులన్నియు ఒకేచోట కలిసిన వ్యాజ్యము అయోధ్యది. 1950 లో ఒక భక్తుడు తన ఆరాధనాహక్కునకై, 1959 లో నిర్మోహీ అఖాడా, 1961 లో ముసల్మానులందఱి పక్షమున సున్నీ వక్ఫు బోర్డును కొందఱు వ్యక్తులును, 1989 లో ప్రతినిధిద్వారా సాక్షాత్తు దేవుడును వాదులైరి. 2019 నవంబరు 9వ తేది తీర్పులో రామలల్లా చట్టదృష్టిలో వ్యక్తియనియు, జన్మస్థానమను భూమిమాత్రము వ్యక్తి కాదనియు నిర్ణయమైనది. అఖాడా దావా కాలదోషముచే కొట్టివేయబడెను. ఎవరు వాదిగా నిలువవలెనను మాటతోపాటు ఎప్పుడు నిలువవలెనను మాటయు ఇందు గలదు.

మన ఆంధ్రప్రాంతమున 1860 ఆక్టును, తెలంగాణమున 1350 ఫసలీ చట్టమును వేర్వేరుగా నడచుచుండెను. 2001 సంవత్సరపు 35వ ఆక్టు రెంటికిని బదులుగా వచ్చి, రిజిస్ట్రీయైన సంఘమును తన పేరనే ఆస్తి కొనుటకును, దావా తెచ్చుటకును శక్తిగల వ్యక్తిగా జేసినది. అయినను సర్టిఫికెట్టు చేతికి వచ్చినంతమాత్రమున పాత దస్తావేజులోని పేరు మారదు. దానికి వేఱొక దస్తావేజు కావలెను. దానిపై చేవ్రాలు చేయవలసినవారు ఆ పెద్దల వారసులు. సత్రము గోడలు లేచుట కన్నులార చూచిన వృద్ధులు వారిలో ఇంకను కొందఱున్నారు. మహాసభకు వచ్చిన శాఖలవారు తమ దస్తావేజుల నకళ్లు మాకు చూపుదురేని, ఎవరి పేర ఏమున్నదో కూర్చుండి పరిశీలించుటకు మేము సిద్ధముగా నున్నాము.