మూడు వేళ్లు

కాస్త గోడవారకు జరిగి నిలబడండి. నోటి వ్యాధుల ఓపీ ఇది, కుర్చీ చుట్టూ చోటు తక్కువ. కుర్చీలో ఉన్నాయన ఆటో నడుపుతాడు. ముప్పై దాటి ఉంటాయి. పక్కనే భార్య, చేతిలో ఓపీ చీటీ.

“మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకో అన్నా,” అంటోంది పీజీ డాక్టరు.

ఒక వేలు పోయింది. రెండోది పళ్లకు తగిలి ఆగిపోయింది. డాక్టరు స్కేలు పెట్టి చూసింది. 18 మిల్లీమీటర్లు. మామూలుగా పెద్దవాళ్ల నోరు 40 దాకా తెరుచుకుంటుంది.

ఇప్పుడు కొంచెం వంగి చూడండి. లైటు పడ్డచోట బుగ్గ లోపలి ఎరుపు పోయి తెల్లగా పాలిపోయింది. డాక్టరు వేలితో తడిమితే నిలువునా గట్టి పట్టీలు తగులుతున్నాయి. నాలుక చాపమంటే పెదవి దాటి రావడం లేదు. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. వక్కలోని అరెకోలిన్ వల్ల నోటి పొర కింద పీచు పేరుకుని, సాగే గుణం పోతుంది.

“జర్దా బంద్ చేసిన మేడం. ఉత్త వక్కపొడే ఏస్తున్న.”

ఎంతమంది ఈ మాట నమ్మి నష్టపోతున్నారో! పొగాకు లేకపోతే చాలనుకుంటారు. ఈ జబ్బుకు మూలం వక్కే.

డాక్టరు ఒక కాగితం తీసింది. 14 ప్రశ్నలు. నోటి జబ్బు బతుకును ఎంత కుదించిందో తెలుసుకోవడానికి గ్యారీ స్లేడ్ 1997లో 49 ప్రశ్నల పట్టికను ఇలా చిన్నది చేశాడు. ఒక్కో జవాబుకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు.

“తింటూ తింటూ మధ్యలో ఆపేస్తున్నావా?”

“కారం తగిలితే నిప్పు పెట్టినట్టయితది మేడం. పెరుగన్నమే తింట.”

“నలుగురిలో ఇబ్బందిగా ఉంటోందా?”

ఆయన నేల చూపులు చూశాడు. భార్యే అందుకుంది. “మా తమ్ముని పెండ్లికి వచ్చి బంతిల కూసోలే మేడం. ఆకలి లేదన్నడు. ఇంటికొచ్చి రాత్రి జావ తాగిండు.”

“ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటున్నావా?”

“పిల్లలు దగ్గరికి పోతలేరు,” అంది ఆమే, మెల్లగా.

18 అన్న అంకె మీకు నోటిని మాత్రమే చూపించింది. బంతిలో కూర్చోలేని మనిషిని ఈ కాగితమే చూపిస్తోంది. ప్రతి ఓపీలోనూ ఇది అడగాలని నా గట్టి కోరిక. అడగందే ఎవరూ చెప్పరు.

“ముందటి లెక్క అయితదా మేడం?”

డాక్టరు అబద్ధం ఆడలేదు. “పూర్తిగా కాదన్నా. వక్క మానేస్తే ఇంకా ముదరకుండా ఆపొచ్చు, మంట తగ్గించొచ్చు. బుగ్గలో ఇంజెక్షన్లు ఇస్తాం. మానకపోతే క్యాన్సర్ భయం పెరుగుతుంది. మానేసినా చూపించుకుంటూ ఉండాలి.” తర్వాత ఐస్‌క్రీం పుల్లల కట్ట తీసి, పళ్ల మధ్య ఎలా పెట్టాలో, నోరు సాగేకొద్దీ ఒక్కొక్కటే ఎలా పెంచాలో చూపించింది.

“ఇవి ఏడ దొరుకుతయి మేడం?” అంది భార్య.

“ఇవి నువ్వే తీసుకుపో అమ్మా. రోజూ దగ్గరుండి చేయించు. వచ్చే వారం మళ్లీ కొలుస్తాను.”