స్టాటిన్లు, కండరాలు: ఎలుకలు చెప్పినవి, చెప్పలేనివి

కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవారిలో కొందరికి కండరాల నొప్పి, నీరసం వస్తాయి. చాలా అరుదుగా కండర కణాలు పెద్దఎత్తున చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఈ నష్టం ఎలా జరుగుతుందో చాలావరకు ఎలుకలు, కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల వల్లే తెలిసింది.

ఎలుకలకు అధిక మోతాదులో స్టాటిన్ ఇచ్చినప్పుడు అన్ని కండరాలూ ఒకేలా దెబ్బతినవు. వేగంగా పనిచేసి త్వరగా అలసిపోయే పోగులు ముందు చనిపోతాయి. నిలబడటానికి ఎక్కువసేపు పనిచేసే పిక్క కండరం సోలియస్ దాదాపు క్షేమంగా ఉంటుంది. ఆ ఒక్కదాన్నే పరీక్షిస్తే వ్యాధి లేదని పొరబడతాం. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ పెరగడం మరో ఆనవాలు. కానీ ఎలుకను గట్టిగా పట్టుకున్నా అది పెరగవచ్చు. అందుకే వేర్వేరు కండరాలను మైక్రోస్కోపు కింద చూడాల్సి ఉంటుంది.

స్టాటిన్లు శరీరంలో మెవలోనేట్ తయారీని అడ్డుకుంటాయి. కొలెస్టరాల్‌కే కాదు, కణం బతకడానికి కావలసిన మరికొన్ని పదార్థాలకూ అదే ముడిసరుకు. ప్రయోగశాలలో పెంచిన కండర కణాలకు మెవలోనేట్ తిరిగి అందిస్తే స్టాటిన్ చేసే హాని ఆగుతుంది.

అయితే జంతువుల జవాబు ఎప్పుడూ సంపూర్ణం కాదు. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో కనుగొన్న తొలి స్టాటిన్ కాంపాక్టిన్, ఎలుకల్లో కొలెస్టరాల్‌ను తగ్గించలేదు. కోళ్లలో, కుక్కల్లో తగ్గించింది. ఎలుకలతోనే ఆగిపోయి ఉంటే ఈ మందుల కథ అక్కడే ముగిసేది.

ఇక సెరివాస్టాటిన్‌ది విషాదం. బేయర్ సంస్థ 2001 ఆగస్టులో దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించింది. అప్పటికి రాబ్డోమయోలిసిస్‌తో 52 మరణాలు నమోదయ్యాయి. బాధితుల్లో పలువురు జెమ్‌ఫైబ్రోజిల్ కూడా వాడుతున్నారు. శరీరం సెరివాస్టాటిన్‌ను వదిలించుకునే దారిని అది మూసేస్తుంది. దాంతో రక్తంలో మందు పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఒక్క మందునే ఇచ్చి చేసే జంతు పరీక్షలో ఇలాంటి జోడీ ప్రమాదం బయటపడదు.

ఎలుకలకు ఇచ్చే మోతాదు మనుషులు వాడేదానికన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఈ ఫలితాలు చూసి సొంతంగా మాత్రలు మానేయకూడదు. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ కూడా కొన్ని స్టాటిన్ల ప్రభావాన్ని ప్రమాదకరంగా పెంచుతుంది. తీవ్రమైన కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.